చైను మార్చిన మనిషి

మబ్బు కొండమ్మ కంటే ముందే కల్లానికి చేరేలా ఉంది.

కూతురికి బడిలో ఇచ్చిన సైకిలు. వెనక కాయ మీద కప్పే పట్టా కట్టుకుని, సీటు మీద కూర్చోకుండా నిలబడి మరీ తొక్కుతోంది. మొగుడు తొలికోత కాయల బస్తాలతో గుంటూరు యార్డుకు పోయాడు. చిరుగు కుట్టిద్దామని పట్టాను తనే ఇంటికి తెచ్చింది. మలికోత మిరపకాయంతా కల్లంలో ఆకాశం కింద పరిచి ఉంది.

టప్పుమని తెగింది చైను.

"నీ జిమ్మడ! ఇప్పుడే తెగాలా!"

తెగిన కొసలు పట్టుకు లాగింది. చేతులకు నల్లటి జిడ్డంటింది, అంతే.

ఎదురుగా సైకిలు మీద దూసుకొస్తున్న మనిషొకడు ఆమెను దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగాడు. ఊళ్లో చూసిన ముఖం కాదు.

"ఏమైందమ్మా?"

"కనపడట్లా? చైను తెగింది."

"ఎక్కడికి పోవాలి?"

"కల్లానికి."

"అక్కడెవరున్నారు?"

కొండమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. కాయ ఆరే రోజుల్లో ఆ ప్రశ్న దొంగలే అడుగుతారు. మొన్ననే పక్క చేలో కుప్పకు కుప్పే మాయమైంది.

"మా ఆయనున్నాడు. మరుదులున్నారు. కర్రలతో ఉన్నారు."

"మరి వాళ్లు కప్పరా?"

"పట్టా నా దగ్గరుంటే వాళ్లు దేంతో కప్పుతారు, లుంగీలతోనా?"

అతను నవ్వుతూనే ఆమె సైకిలు తలకిందులు చేశాడు. చైనును వేలితో తడిమాడు.

"లింకు లింకూ అరిగిపోయింది. అతికించినా ఆగదు."

తన సీటు కింద నుంచి పట్టకారు తీశాడు. తన సైకిలు చైనే విప్పడం మొదలుపెట్టాడు.

"అదేంటి! నీది పీకుతున్నావే?"

"నాకేం తొందర లేదులేమ్మా."

దొంగకు తొందరేముంటుంది? చీకటి పడిందాకా ఆగుతాడు, అనుకుంది కొండమ్మ.

చైను ఎక్కిస్తూనే మాటిమాటికీ తలెత్తి చూస్తున్నాడు. ఓసారి మబ్బుకేసి, ఓసారి కాలవకట్టకేసి. ఎటునుంచి పారిపోవాలో చూసుకుంటున్నాడు గావాల!

"ఎంత కాయుందమ్మా?"

"ఎంతుంటే నీకెందుకయ్యా? చైను సంగతి చూడు!"

"సరే తల్లీ, అరవమాక. అయిపోయింది, ఎక్కు."

ఎక్కింది. ఒక్క మంచిమాటైనా అనలేదు. మలుపులో వెనక్కి చూస్తే అతను చైను లేని సైకిలు నెట్టుకుంటూ కాలవకట్ట వైపు పరిగెత్తుతున్నాడు.

కల్లంలో గాలి పట్టాను ఎగరేసింది. కొండమ్మ దాని మీద పడింది. ఒక కొస కాలితో తొక్కిపెట్టి, ఇంకో కొస పళ్లతో పట్టి లాగి, అందిన రాయల్లా ఎత్తి పెట్టింది. ఆఖరి రాయి పెడుతుండగా పెద్ద చినుకు టప్పుమంది. పట్టా మీద! కాయ మీద కాదు!

వానలో నిలబడి ఒక్కతే పిచ్చిదానిలా నవ్వింది.

దంచి కొట్టిన వాన కాస్త తెరిపి ఇవ్వగానే మరిది వీరబాబు రొప్పుతూ వచ్చాడు.

"వదినా! తడిసిందా?"

"ఒక్క కాయ తడవలా! నువ్వు ముందు కర్ర తీయి. దొంగొకడు తిరుగుతున్నాడు. మన కల్లం గురించి ఆరా తీశాడు. చైనిచ్చి మరీ!"

"చైనిచ్చే దొంగేంటి వదినా?"

"అదే వాడి తెలివి! నా వెనకాలే వచ్చి కల్లం చూసుకుందామని. పద, పద!"

కాలవకట్ట మీద ఆ సైకిలు పడేసి ఉంది.

"అదిగో! ఇక్కడే ఉన్నాడు. పట్టుకో!"

కొంగు బిగించి, కొండమ్మే ముందుగా కట్ట అవతలికి దూకింది. అది పక్క ఊరి పొలిమేర.

దిగువన చిన్న కల్లం, సగమే పరిచిన పట్టా, బురదనీళ్లలో కొట్టుకుపోతున్న మిరపకాయలు.

వాటిని రెండు చేతులా ఒడ్డుకు తోసుకుంటున్న ఆ చైనిచ్చిన మనిషి అడుగుల చప్పుడుకు తలెత్తి, ఆమెను గుర్తుపట్టి, "నీ కాయ తడవలేదు కదా తల్లీ?" అన్నాడు.