పిప్పరమెంటు డబ్బాలో కీచురాయి

పోయినవాళ్లు ఇళ్లకి తిరిగొచ్చే బోన్ పండుగ, అక్క ఫుమియే పోయాక వచ్చిన తొలిది. దానికి తెత్సుజి ఒక కీచురాయిని తయారుచేశాడు. పిప్పరమెంటు డబ్బాలో బజరు, బ్యాటరీ, వెలుతురుని పసిగట్టే గింజంత కన్ను. చీకట్లో కూస్తుంది, వెలుగు పడితే నోరు మూసుకుంటుంది.

పన్నెండేళ్లప్పుడు అచ్చం ఇలాంటిదే అక్క గదిలో దాచాడు. ఆమె టార్చి వేస్తే నిశ్శబ్దం, ఆర్పితే కూత.

"ఎక్కడ పెట్టావురా కోతి వెధవా! దొరికిందా, నీ వీపు విమానం మోతే!"

గోడ ఇవతల అతను దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేవాడు. ఆమె గొంతు ఏడుపులోకి దిగాక మాత్రం జాలిపడి, "ఇంకొంచెం ఎడమకి, అక్కా" అనేవాడు.

ఈ సాయంత్రం పోయినవాళ్లకి దారి తెలియాలని గుమ్మంలో జనపపుల్లల మంట వేశాడు. అక్క ఎక్కి తొందరగా రావాలని, పుల్లలు కాళ్లుగా గుచ్చిన దోసకాయ గుర్రాన్ని ఆమె ఫొటో ముందు నిలబెట్టాడు. డబ్బాని ఆమె గదిలో అల్మరా వెనక దాచి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, తన పాత గదిలో గోడవారగా పడుకున్నాడు.

కీచురాయి కూసింది. అదే గొంతు. అతని కళ్లు చెమర్చాయి.

ఉన్నట్టుండి ఆగిపోయింది. తీగ ఊడిందేమోనని లేవబోతుంటే మళ్లీ కూసింది. ఆగింది. కాసేపటికి కూసింది. మళ్లీ ఆగింది.

బ్యాటరీ పొద్దున కొన్నదే. తీగలు తన చేత్తో అతికినవే. కన్ను మీద వెలుగు పడితే తప్ప అది ఆగదు. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు.

తెత్సుజి దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. చాలాసేపటికి గోడకి పెదవులు ఆనించి, మెల్లగా అన్నాడు.

"ఇంకొంచెం ఎడమకి, అక్కా."