గడ్డలమ్మ తవ్విన చెలమ

అనగనగా ఒక అడవిలో పంచాయతీ ప్రెసిడెంటుగా గడ్డలమ్మ అనే ఆడపంది గెలిచింది. గెలిచింది ఆమే అయినా, పంచాయతీ బండరాయి ఎక్కి కూర్చునేది మాత్రం మొగుడు కోరలయ్య.

ఆ ఎండాకాలం వాగు ఎండిపోయి పిల్లలు సొమ్మసిల్లుతుంటే, కోరలయ్య తన బండ పక్కనే నీళ్ల కోసం తవ్వించాడు. మూడు రోజులైనా చుక్క పడలేదు.

"వదినా, నువ్వేమంటావ్?" అనడిగింది జింక.

"దానికేం తెలుసు?" అన్నాడు కోరలయ్య.

"పిల్లల్నేసుకుని నీళ్లకు తిరిగేది నేనేగా" అంటూ గడ్డలమ్మ వాగులోకి దిగి, పొద్దుటిపూట ఇసుక చెమ్మగా ఉండే మలుపులో ముట్టెతో తవ్వింది. ఇసుక నల్లబడింది. ఊట పొంగి, చెలమ నిండా ఆకాశం నిలిచింది. కోరలయ్య తన భార్యను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ముందు పాలిచ్చే తల్లులు, పిల్లలు" అంది గడ్డలమ్మ.

ఎప్పుడూ అందరికంటే ముందు తాగే కోరలయ్య, ఎవరూ చెప్పకుండానే వరస చివరకు పోయి నిలబడ్డాడు.