గోడ పక్క పిల్లలు

“నేను జితేంద్రని ప్రేమించాను నాన్నా. రేపొచ్చే పెళ్లివారిని రావద్దని చెప్పెయ్.”

అమ్ము ఆ మాట అనేసరికి గురునాథరావు చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది. ఒక్క క్షణమే. కోప్పడతాడనుకుంటే ఫెళ్లున నవ్వాడాయన.

“ఎవడూ, పక్క క్వార్టర్ గుంటడా? ఏటే, నాకే చెవిలో పువ్వు పెడతావా? ఏడాదిగా ఢిల్లీ వెళ్లి రీసెర్చి చేస్తానని ఒకటే గోల. అది సాగలేదని ఇప్పుడు ప్రేమా? మీ ఇద్దరి మధ్యా అది పుట్టదే. మీ అత్త ఏనాడో రాసేసింది!”

అద్దాల బీరువాలోంచి పుస్తకం తీసి టీపాయ్ మీద టప్పున పడేశాడు.

అత్తంటే ఆయన చెల్లెలు రజనీకుమారి. లక్షల ఏళ్ల కిందట అడవుల్లో తిరిగిన మనిషి బుద్ధులు ఈనాటి మన ఇళ్లల్లో ఎలా పనిచేస్తున్నాయో పరిశోధించడం ఆవిడ ఉద్యోగం. పాము బొమ్మ చూసినా ఎందుకు ఉలిక్కిపడతాం, తోడికోడలి కొత్త చీర చూస్తే కడుపెందుకు మండుతుంది, ఇలాంటివన్నీ పక్కింటావిడతో కబుర్లాడినట్టు రాస్తుంది. ఆ పుస్తకాలు ఎన్ని భాషల్లోకి వెళ్లాయో! అన్నిటికంటె పేరు తెచ్చింది మాత్రం వీళ్లుండే భిలాయి ఉక్కు కాలనీ సెక్టార్లలో ఇల్లిల్లూ తిరిగి రాసిన ‘గోడ పక్క పిల్లలు’. ఒకే గోడకి అటూ ఇటూ పుట్టి, ఒకే కంచంలో తిని పెరిగిన పిల్లలకి పెద్దయ్యాక ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టదని, మనసు వాళ్లని తోబుట్టువుల వరసలో కట్టేసుకుంటుందని అందులో తేల్చింది. కాదన్న పండితులున్నారు గానీ, ఇదిగో ఈ జంట అని చూపించినవాళ్లు లేరు.

గురునాథరావుకి చెల్లెలి మాట వేదం. ఉక్కు ప్లాంటులో తన సెక్షనువాళ్లందరి చేతా ఆ పుస్తకం చదివించాడు. చదవనివాడితో టీ కూడా తాగడు.

ఆ సాయంత్రం ఊళ్లోనే వైశాలి నగర్లో తెలుగువాళ్లు తలపెట్టిన సన్మానానికి ఆవిడ పొద్దున్నే దిగింది. తల తుడుచుకుంటూ గదిలోంచి బయటికొచ్చింది.

“రజనీ, నువ్వే చెప్పమ్మా. ఈళ్లిద్దరూ ఒకే ఉయ్యాల్లో ఊగినోళ్లు. ప్రేమ పుడతాదా?”

“పుట్టదన్నయ్యా.”

“విన్నావుటే!”

అమ్ము మొహం పాలిపోయింది. గుమ్మంలో నిలబడ్డ జితేంద్ర గొంతు సవరించుకున్నాడు. అమ్ముతోపాటే పెరిగాడు కాబట్టి ఆమె అత్త అతనికీ బువా, అంటే మేనత్తే.

“బువా, మాది సచ్‌ముచ్ ప్రేమే.”

“చిన్నప్పుడు దీనిచేత రాఖీ కట్టించుకున్నావు కదరా!” అన్నాడు గురునాథరావు.

“అప్పుడు అంత అకల్, తెలివి లేదంకుల్.”

“సరే, బస్, చాలు. చెల్లి ఏటంటే అదే ఖాయం. ఇది ప్రేమే అందనుకో, పెళ్లికొడుకు తండ్రి యజ్ఞనారాయణ గారికి ఇప్పుడే ఫోన్ కొట్టి సంబంధం వద్దనేస్తాను. ఆళ్లింకా విజయనగరంలో రైలెక్కలేదు. కాదందా, రేపే తాంబూలాలు. అమ్ము మీదొట్టు!”

రజనీకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“జితేంద్రా, దాని చెయ్యి పట్టుకో. పెళ్లి చేసుకుంటానని నా ముందు చెప్పు.”

జితేంద్ర చెయ్యి పట్టుకున్నాడు. “అమ్మూ... నిన్ను... షాదీ చేసుకుంటాను” అన్నాడు ఫ్యాను వంక చూస్తూ. అమ్ము పెదవి కొరుక్కుని తల వంచేసుకుంది. భుజాలు వణికాయి. కూతురు ఏడుస్తోందని గురునాథరావు మొహం అటు తిప్పుకున్నాడు. ఎంతైనా కన్నతండ్రి కదా!

రజనీకుమారి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని అట్ట మీద చెయ్యి వేసింది.

“అన్నయ్యా, నా పుస్తకం తప్పు.”

“ఏటీ?”

“తప్పే. ఇది ప్రేమే. ఇన్నాళ్లూ ఇలాంటిది నాకు కనబళ్లేదు. ఇవాళ కనబడింది.”

గురునాథరావు సోఫాలో కూలబడ్డాడు. “ఎంత కష్టపడ్డావమ్మా! ఆ ఎండల్లో సైకిలేసుకుని క్వార్టర్ క్వార్టరుకీ తిరిగావు. ఒక్క చూపుతో తప్పనేస్తావేటి? మళ్లీ చూడు.”

“కళ్లెదుట కనబడిందాన్ని కాదంటే నేనేం సైంటిస్టునన్నయ్యా?”

అబ్బ, ఏం మనిషండీ! అన్నం ఉడకలేదంటేనే ఒప్పుకోని లోకం ఇది. ఆవిడ బతుకంతా పోసి కట్టిన మాటని, మేనకోడలి కోసం తడుముకోకుండా కూల్చేసింది.

“పెళ్లికి తొందరేం లేదు” అంది మళ్లీ. “దాన్ని ఢిల్లీలో చదువుకోనీ. చదువయ్యాక కూడా ఇద్దరూ ఇదే మాట మీదుంటే అప్పుడు చేద్దువుగాని. నిజమైన ప్రేమైతే ఎక్కడికి పోతుంది?”

ఒట్టు పెట్టాక గురునాథరావు వెనక్కి పోయే మనిషి కాడు. విజయనగరం ఫోన్ చేశాడు. మాటలు పడ్డాడు. అన్నీ అయ్యాక పుస్తకాన్ని తీసుకెళ్లి బీరువాలో వెనక వరసలో పెట్టాడు.

“సాయంత్రం సభలో నీ గురించి మాట్లాడేప్పుడు దీని ఊసెత్తనులే అమ్మా. దిగులు పడకు” అని చెల్లెలి తల నిమిరి బయటికెళ్లిపోయాడు. రజనీకుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అది చూసి అమ్ము వచ్చి ఆవిడ ఒళ్లో పడిపోయింది. “అత్తా, నా మూలాన నీ పుస్తకం పాడైపోయింది. నీ పేరు పోయింది.”

“పుస్తకానికేమైందే పిచ్చిమొహమా?” రజనీకుమారి కళ్లు తుడుచుకుని ఫక్కున నవ్వింది. “వాడు చెయ్యి పట్టుకోగానే ఇద్దరూ వేపాకు నమిలినట్టు పెట్టారు మొహాలు! నవ్వాపుకోలేక నువ్వు చచ్చావు. ఇన్నేళ్లు తిరిగినా నా మాటకి ఇంత గట్టి రుజువు దొరకలేదే. ఏం లాభం? ఎక్కడా రాసుకోడానికి లేదు!”