విజిల్ ఊదని రెఫరీ

“కట్” అని అరిచి, డైరెక్టర్ పార్జిటర్ నెత్తి మీది టోపీ తీసి గడ్డి మీద విసిరికొట్టాడు. “క్లెగ్ గారూ, విజిల్ ఏదండీ?”

“చెయ్యేదండీ?” అన్నాడు ఆర్నాల్డ్ క్లెగ్.

అది ఎనిమిదో టేకు. జూన్ ఎండ మాడ్చేస్తోంది. సినిమా కథలో మాత్రం జనవరి. అందుకని గ్యాలరీలో కూర్చున్న రెండు వందల మందీ ఓవర్‌కోట్లు, మఫ్లర్లు చుట్టుకుని ఉడికిపోతున్నారు. వెనక వరసలవాళ్లు అదృష్టవంతులు, అట్టల మీద రంగులతో గీసిన బొమ్మలు.

కథ హత్య కథ. ఫుట్‌బాల్ కప్పు మ్యాచు చివరి నిమిషంలో బంతి డిఫెండర్ చేతికి తగులుతుంది. అది తప్పని రెఫరీ విజిల్ ఊది ఎదుటి జట్టుకి పెనాల్టీ ఇస్తాడు. కొట్టడానికొచ్చిన కెప్టెన్ విషం తలకెక్కి, బంతి ముందే కుప్పకూలి చచ్చిపోతాడు. ఆపైన డిటెక్టివ్ దిగుతాడు. సహజంగా ఉండాలని ఆటగాళ్లనీ రెఫరీనీ నిజమైనవాళ్లనే పెట్టుకున్నారు. వచ్చిన తంటా అంతా అక్కడే.

“పెనాల్టీ లేకపోతే హత్య లేదు. హత్య లేకపోతే సినిమా లేదు. కాస్త ఊదండి మహాప్రభో” అని బతిమాలాడు పార్జిటర్.

“చేతికి తగలనివ్వండి, ఊదుతాను. ఎనిమిదిసార్లూ భుజానికే తగిలింది, అది తప్పు కాదు.”

పార్జిటర్ ఇటు తిరిగాడు. చేతికి బంతి తగలాల్సిన డిఫెండర్ లెన్ టాస్కర్ నడుం మీద చేతులేసుకుని నవ్వుతున్నాడు.

“ఏం నాయనా, చెయ్యి కాస్త పైకెత్తితే నీ సొమ్మేం పోయింది?”

“ఎత్తను సార్. ఎత్తానని మూడేళ్ల నుంచి దేశమంతా అంటూనే ఉంది. ఇప్పుడు సినిమా తీసి మరీ సాక్ష్యం ఇమ్మంటారా?”

ఫుట్‌బాల్ జట్టుకి ఎంతమందో కూడా తెలియని పార్జిటర్, ఏరికోరినట్టు ఈ ఇద్దరినే ఒకచోట చేర్చాడు. మూడేళ్ల కిందట సెమీఫైనల్ చివరి నిమిషంలో టాస్కర్ చేత్తో బంతి ఆపాడని పెనాల్టీ ఇచ్చింది ఈ క్లెగ్గే. దాంతో టాస్కర్ జట్టు ఇంటికెళ్లింది. తగిలింది భుజానికేనని టాస్కర్ కనబడ్డవాడికల్లా మొత్తుకున్నాడు. నమ్మనివాళ్లు అతనికి చేతివాటం టాస్కర్ అని పేరు పెట్టారు. నమ్మినవాళ్లు క్లెగ్ ఇంటి కిటికీలు పగలగొట్టారు. అప్పట్నుంచి క్లెగ్‌కి పెద్ద మ్యాచులు లేవు. చిన్నాచితకా ఊళ్లలో వానలో బురదలో ఊదుకుంటూ తిరిగాడు.

ఇవాళ పొద్దున మాత్రం ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ విట్‌లాక్ స్వయంగా వచ్చి భుజం తట్టాడు. “ఈ సినిమాలో నీ మొహం దేశమంతా చూస్తుంది. పెద్దమనిషిలా కనబడు. వచ్చే ఏడు కప్పు ఫైనల్ నీదే” అన్నాడు. ఫైనల్ ఆడించే అవకాశం ఏ రెఫరీకైనా జన్మకొక్కసారే. ఆపై ఏడాదికి క్లెగ్‌కి వయసు మీరిపోతుంది.

తొమ్మిదో టేకులోనూ బంతి భుజానికే తగిలింది. విజిల్ మోగలేదు.

“అప్పుడు కళ్లు లేవు, ఇప్పుడు ఊపిరి లేదురోయ్” అని గ్యాలరీలోంచి ఎవరో అన్నారు. ఓవర్‌కోట్లన్నీ ఘొల్లుమన్నాయి.

టాస్కర్ దగ్గరికొచ్చాడు. “నీ నాటకం నాకు అర్థం కాలేదనుకున్నావా? చేతికి తగిలితే తప్ప ఊదనని పదిమందిలో చూపించుకుంటున్నావు. అంటే ఆ రోజు ఊదావు గనక చేతికే తగిలిందని. అంతేనా?”

“నువ్వు చెయ్యెత్తవు, నేను ఊదను. మిగతాది నీ ఇష్టం వచ్చినట్టు అనుకో.”

పార్జిటర్ ఇంకో దారి వెతికాడు. “విజిల్ చప్పుడు స్టూడియోలో కలుపుకుంటాం లెండి. మీరు ఆ పెనాల్టీ చుక్క వైపు వేలు చూపించండి చాలు.”

“చూపించను.”

“ఉత్తుత్తి పెనాల్టీ అండీ బాబూ.”

“ఉత్తుత్తిదైనా ఇవ్వను.”

గీత బయట కుర్చీలో కూర్చున్న విట్‌లాక్ ఇక ఆగలేకపోయాడు. లేచి మైదానంలోకి వచ్చాడు.

“చిన్నపిల్లాడిలా మారాం చెయ్యకు క్లెగ్. సినిమా మధ్యలో ఆగిందంటే మన పరువు పోతుంది. ఊదు. లేకపోతే సోమవారం నాడు ఫైనల్ రెఫరీల జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తాను.”

ఇరవై రెండేళ్లుగా క్లెగ్ కోరుకున్నది ఆ ఒక్క ఆటే. ఫైనల్ చూడ్డానికొచ్చే రాజుగారి ముందు జట్లను నడిపించుకుంటూ మైదానంలోకి వస్తున్నట్టు ఎన్నిసార్లు కలగన్నాడో లెక్కలేదు. ఇప్పుడు బుగ్గలు పూరించి ఒక్కసారి ఊదితే అది అతనిదే.

“కొట్టెయ్యండి” అన్నాడు.

విట్‌లాక్ విసురుగా వెనక్కి తిరిగాడు. గ్యాలరీలో నవ్వులు ఆగిపోయాయి. టాస్కర్ మొహంలోనూ నవ్వు లేదు. ఫైనల్ పోవడమంటే ఏమిటో అక్కడ అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“నీకేమైనా పిచ్చా? నా మీద కక్షతో ఫైనల్ పోగొట్టుకుంటావా?” అన్నాడు. విసుగ్గా చెయ్యి విదిలించాడు. “సరే పద, నేనే చెయ్యెత్తి చస్తాను. నీ కోసమేం కాదు. ఆ కోట్లలో ఉడికేవాళ్లని చూడలేక.”

“వద్దు. నువ్వు ఎత్తకు.”

“మళ్లీ ఏమొచ్చింది?”

“నువ్వు చెయ్యెత్తినట్టు ఈ దేశం ఇంకోసారి చూడకూడదు. విట్‌లాక్ గారూ, వెళ్లకండి, మీరూ వినాలి.”

క్లెగ్ గ్యాలరీ దాకా వినబడేలా చెప్పాడు.

“ఆ రోజూ తగిలింది భుజానికే, లెన్.”