అందరూ ఎడమకే

"ఈయప్పను సారవ ఎక్కద్దని రాసియ్యండమ్మా. కాగితం చూస్తే గాని వినడు," అంటూ అంజినమ్మ తన భర్తను చొక్కా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

హోసూరు బస్టాండు వెనక వీధిలో ఫిజియోథెరపీ కేంద్రం నడుపుతున్న పవిత్ర తలెత్తి చూసింది. వచ్చినవాడు పిల్లప్ప, గోడల పక్కన కర్రలతో కట్టే సారవ ఎక్కి పనిచేసే, మత్తూరులో పేరున్న మేస్త్రి. మెడ తిరగకపోవడం వల్ల, భార్యను కోపంగా చూడాలన్నా మనిషంతా తిరగవలసి వస్తున్నది.

"నాలుగు దినాలుగా మెడనొప్పి. నిన్న నిచ్చెన దిగినోడు తల తిరగతా ఉందని ఇసక కుప్ప మీద కూలబడినాడు. రేపు బాగలూరులో మూడో అంతస్తు గోడంట. ఆడినించి పడితే కింద ఇసక కూడా లేదు," అంది అంజినమ్మ.

"అది ఎండకు తిరిగింది. మెడ నొస్తే మెడ నొస్తాది, తలెందుకు తిరగతాది?" అన్నాడు పిల్లప్ప. "నేను ఎక్కకుంటే ఆ ఏళుమలై ఎక్కతాడు. వాడు కట్టిన గోడ పక్కన కుక్క కూడా పండుకోదు."

"సంబంధం ఉంది," అంది పవిత్ర. ఆమెకు ఇష్టమైన విషయం ఇదే. "తల ఎటు ఉందో మెదడుకు చెప్పేవి మూడు. కళ్లు, లోపలి చెవి, మెడ కండరాలు. మెడ బిగుసుకుంటే తప్పుడు కబురు పంపుతుంది. కళ్లు ఒకటీ మెడ ఒకటీ చెబితే మెదడు ఎవరి మాట వినాలి?"

"ఈయప్ప ఎవరి మాటా వినడమ్మా," అంది అంజినమ్మ.

గది మధ్యలో సిమెంటు నేల మీద తెల్లరంగుతో ఒక గీత ఉంది. పవిత్ర పిల్లప్పను దాని మీద పాదాలు దగ్గరగా ఉంచి నిలబెట్టి, కళ్లు మూసుకోమంది. పది లెక్కపెట్టేలోగా అతను ఎడమకు ఒరిగాడు. ఇరవైకి చేరేసరికి ఆమె భుజం పట్టుకుని ఆపవలసి వచ్చింది.

ఆమె తృప్తిగా పుస్తకంలో రాసుకుంది. ఈ ఎనిమిది నెలల్లో అతను నలభై ఒకటోవాడు. తక్కిన నలభైమందీ ఎడమకే ఒరిగారు. కంపెనీ బస్సుల్లో కిటికీకి తల ఆనించి నిద్రపోవడం వల్ల ఊరు ఊరంతా ఎడమ మెడ చెడిందని ఆమె నిర్ధారించుకుని, దాని మీద ఒక వ్యాసం కూడా సగం రాసింది.

"నేను కంపెనీ బస్సు ఎక్కిందే లేదే," అన్నాడు పిల్లప్ప.

"మీకు వేరే కారణం. నెల రోజులు ఎత్తు ఎక్కకూడదు." కలం కాగితం మీద కదిలింది.

"ఉండమ్మా, ఉండు. ఏమే, నువ్వు నిలబడు."

అంజినమ్మ నిలబడి కళ్లు మూసుకుంది. ఎడమకు ఒరిగింది.

"ఆమెకూ మొదలైంది," అంది పవిత్ర, జాలిగా.

"మీరు నిలబడండి."

పవిత్ర నిలబడింది, ఎడమకు ఒరిగింది. తన మెడ కూడా కొన్నాళ్లుగా నొప్పి పెడుతున్నదేమోనని ఆమెకు అప్పుడే తోచింది.

పిల్లప్ప వెనక్కు తిరిగి, గోడవైపు ముఖం పెట్టి మళ్లీ నిలబడ్డాడు. ఈసారి కుడికి ఒరిగాడు.

"అయ్యో, రెండో పక్కకూ పాకింది," అంది పవిత్ర.

అతను బల్ల మీది సీసా తీసుకుని, గీత మీద నీళ్లు పోశాడు. నీళ్లు ఏమాత్రం తటపటాయించకుండా గీత దాటి, బెంచీ కిందుగా సాగి, గది మూలనున్న మూడు పెద్ద రబ్బరు బంతుల దగ్గరకు చేరాయి. వ్యాయామం బంతులు రోజూ ఆ మూలకే ఎందుకు పోతున్నాయో, ఊడ్చే ఆమెను ఇన్నాళ్లూ అనవసరంగా ఎందుకు తిట్టిందో, పవిత్రకు ఒక్కసారిగా అర్థమైంది.

"నీళ్లకు మెడ లేదు కదమ్మా," అన్నాడు పిల్లప్ప.

ఈ నాలుగు రోజుల్లో అంజినమ్మ మొదటిసారి నవ్వింది. "అట్లయితే ఎక్కనీలే."

పవిత్ర కాగితం మీద రాసినదాన్ని కొట్టేసింది. నలభై ఒక్క మంది రోగులూ, సగం వ్యాసమూ ఆ నీళ్లతోపాటే పోయాయి.

పిల్లప్ప మాత్రం ఊరుకోలేదు. "ఈ నేల పోసినోడిని ఆ సారవకే కట్టేయల. మట్టం చూసేది తెలీనోడికి చేతిలో తాపీ ఏమిటికి? బాగున్నోళ్లందర్నీ రోగిష్టోళ్లను చేసినాడు గదా."

ఎవడా ప్రబుద్ధుడన్న కోపంతో పవిత్ర, ఆ మూలన నేల మీద ఏవో గీతలున్నట్టు గుర్తొచ్చి, అక్కడికి వెళ్లి బంతులు పక్కకు నెట్టింది. ఒకప్పుడు ఎరువుల గోదాము అయిన ఈ పెద్ద హాలును, తరవాత యజమాని ప్లైవుడ్డు అడ్డం పెట్టి, గదులుగా విడదీసి అద్దెకిచ్చాడు; పాత గోదాము ఇదేనని ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టలేరు. నేల పోసిన మేస్త్రి, పని ముగిసిన దినాన పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరాలు, దుమ్ము కొట్టుకుపోగానే నీళ్లలో నల్లగా తేలాయి.

పవిత్ర వంగి, పైకి చదివింది.

"మత్తూరు పిల్లప్ప మేస్త్రి, రెండువేల పదకొండు."

పిల్లప్ప మెల్లగా బెంచీ మీద కూర్చుని, రెండు చేతులా మెడ పట్టుకున్నాడు.

"నెల దినాలు ఎక్కకూడదనే రాసియ్యండమ్మా. ఈ మెడనొప్పి నాకు అప్పుటినించే ఉన్నట్టుంది."