ఒక చిన్న యాక్సిడెంట్ కోసం

"ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?" అని పాస్టరు అడగ్గానే జానమ్మ నెత్తి మీద ముసుగు సర్దుకుని లేచింది.

"అయ్యా, నా మనుమరాలు పనిజేసే మందుల కంపెనీల ఒక చిన్న యాక్సిడెంట్ కావాలని ప్రార్థన చెయ్యుండ్రి."

పక్కనున్న మనుమరాలు ప్రశాంతి అదిరిపడింది. చౌటుప్పల్‌లోని ఆ కంపెనీలో ఆమె సేఫ్టీ ఆఫీసరు. చర్చిలో సగం మంది అక్కడి కార్మికులే.

"అవ్వా, కూసో! గదేం మాట?"

"ఏడాది సంది ఒక్క యాక్సిడెంట్ గూడ కాలేదంటివి. హెల్మెట్ పెట్టుకోండ్రని తిరుగుడు తప్ప నీకేం పని లేదని అందరు నవ్వుతున్నరు. పనిలేనోళ్లకు జీతం ఎన్నాళ్లిస్తరే?"

"ఏం కాకుంట జూసుడే నా పని!"

"ఏం కాకపోతే నువ్వు జూస్తున్నవని ఎవలికెర్క?"

పాస్టరు బైబిల్ మూసి, మళ్లీ తెరిచాడు.

బాయిలర్ దగ్గర పనిచేసే యాకోబు వెనక వరసలో లేచాడు. "ఎవలికి కావాలె పెద్దమ్మా? పేరు జెప్తేనే గద దేవునికి తెలిసేది."

"చిన్నదేనయ్యా... ఒక్క ఏలు తెగినా సాలు..." అంటూ జానమ్మ వెనక్కి తిరిగి ఒక్కో ముఖమే చూస్తూ పోయింది. అందరూ తెలిసినవాళ్లే. ఎవరి వేలు చెప్పాలో తోచలేదు.

యాకోబు భార్య గబుక్కున మొగుని చెయ్యి పట్టి తన కొంగులో దాచేసింది.

జానమ్మ ఆ కొంగు వంకే కాసేపు చూసింది.

"అయ్యా," అంది పాస్టరుతో, "ఏం కావద్దనే ప్రార్థన చెయ్యుండ్రి. పిల్ల కొలువు పోతే పాయె."

"ఆమెన్!" అని అందరికంటే ముందు అరిచింది యాకోబు భార్య.