రసజ్ఞుడు పెట్టిన పరీక్ష

లిఫ్టులు బాగుచేసేవాడికి పిల్లనివ్వడమా!

లెక్చరర్ గారు ముందు అతని గోళ్ళు చూశారు. గ్రీజు. తర్వాత మేజోళ్ళు చూశారు. ఎడమ బొటనవేలి దగ్గర చిల్లు. ఇంక చూడాల్సిందేమీ లేదనిపించింది. కానీ కూతురు మొండిది. కచేరీ హాల్లో టికెట్లు అమ్మే ఉద్యోగం చేస్తూ, ఆ హాలు లిఫ్టు చూసే ఈ మెకానిక్‌ని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని భీష్మించుకు కూర్చుంది. తను వద్దంటే రాద్ధాంతం చేస్తుంది. వాడంతట వాడే తెల్లమొహం వేసుకుని వెళ్ళిపోవాలి.

"నీకు సంగీతం ఇష్టమటగా?"

"అవునండీ. లిఫ్టు గోతిలో కూర్చుని పని చేసుకుంటుంటే పైన రిహార్సల్సన్నీ వినిపిస్తాయండీ. ఎనిమిదేళ్ళుగా వింటున్నాను."

"గోతిలోంచా!"

లెక్చరర్ గారు నవ్వారు. అలా నవ్వడం ఆయనకు కొత్త కాదు. కచేరీలో దగ్గేవాళ్ళని చూసి నవ్వుతారు. వాయించడం పూర్తికాకుండా చప్పట్లు కొట్టేవాళ్ళని చూసి నవ్వుతారు. "చాలా బావుందండీ" అని ఊరుకునేవాళ్ళంటే మరీ అసహ్యం. పాశ్చాత్య సంగీతపు మహా స్వరకర్తల గురించి ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పారు. వినడం ఎలాగో జనానికి నేర్పుతూ మూడు పుస్తకాలు అచ్చేశారు. ఆ మహానుభావులంతా ఆయనకి పక్కింటివాళ్ళ కింద లెక్క. పేర్లతో పిలవరు. ఒకాయన ఇరవైమంది పిల్లలాయన. ఒకాయన చెవిటాయన. ఒకాయన దగ్గులాయన. చిన్నతనంలోనే పేరు తెచ్చుకున్నవాడు పసివాడు.

"సరే. నాలుగు రికార్డులు వినిపిస్తాను. ఏది ఎవరిదో చెప్పాలి. నాలుగింట్లో ఒక్కటి చెప్పినా పిల్లనిస్తాను. చెప్పలేకపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కకూడదు. ఏమంటావ్?"

తలుపు సందులోంచి కూతురి పాదాలు కనిపిస్తున్నాయి.

"అలాగేనండీ" అన్నాడు మెకానిక్.

"ఏమేవ్! నూట పన్నెండు!"

భార్య లేచింది. ఇంట్లో రెండువేల రికార్డులున్నాయి. అన్నిటికీ నంబర్లున్నాయి. నంబరు కేకేయడం ఆయన వంతు. వెతికి, తీసి, తుడిచి, సూది ఆనించడం ఆవిడ వంతు. సూది ఆనేలోపు ఆయన కళ్ళు మూసేసుకుంటారు. కళ్ళు తెరుచుకుని సంగీతం వినేవాడు, ఆయన రెండో పుస్తకం ప్రకారం, పశువు.

"ఆవిడ ఉందని మొహమాటపడకు" అన్నారు కళ్ళు మూసుకునే. "ఆవిడకి కుక్కర్ కూతకీ వయొలిన్‌కీ తేడా తెలీదు."

పియానో మొదలైంది. మెకానిక్ తల వంచుకుని విన్నాడు.

"ఇరవైమంది పిల్లలాయనది అనుకుంటానండీ." ఆ పేర్లన్నీ కూతురు ముందే నేర్పినట్టుంది.

"దగ్గులాయనది! ప్రతి స్వరంలోనూ ఆ ఆయాసం వినపడటం లేదూ? పాపం, ఊపిరందక ఎలా కొట్టుకుంటున్నాడో!" లెక్చరర్ గారు తన గుండె మీద చెయ్యేసుకుని కాసేపు బాధపడ్డారు. "మూడొందల ఆరు!"

మళ్ళీ పియానోయే.

"ఇది దగ్గులాయనదండీ."

"చెవిటాయనది. వినపడకపోయినా ఆయన రాశాడు. వినపడి కూడా నువ్వు గుర్తుపట్టలేకపోయావు."

మూడోదీ అంతే. మెకానిక్ పసివాడిది అన్నాడు. అది ఇరవైమంది పిల్లలాయనదని లెక్చరర్ గారు పది నిమిషాలు వివరించి చెప్పారు. గాడిదకేం తెలుసు గంధం వాసన, అనుకుంటూ సోఫాలో వెనక్కి వాలారు. ఆయనకి హాయిగా ఉంది.

"ఏమేవ్, పన్నెండు."

పన్నెండు ఆయన ప్రాణం. మూడో పుస్తకంలో నూట నలభై పేజీలు దాని గురించే. వయొలిన్లు మెల్లగా మొదలయ్యేసరికి ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

మెకానిక్ చేతులు ఒళ్ళో నలుపుకున్నాడు. తలుపు వైపు చూశాడు.

"మాట్లాడవేం? ఇదే ఆఖరుది."

"పన్నెండో నంబరు మీకు ప్రాణమనీ, అది చెవిటాయనదనీ అమ్మాయి చెప్పిందండీ."

"మోసం! సరే, చెప్పిందనుకో. ఆ ముక్కే అనేసి గట్టెక్కుదామనా?"

"అనొచ్చండీ." మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "కానీ ఇది ఆయనది కాదండీ. పసివాడిది."

తలుపు అవతల కూతురు నుదురు కొట్టుకున్న చప్పుడయింది.

లెక్చరర్ గారు కళ్ళు తెరిచారు. "నా ఇంట్లో కూర్చుని, నా రికార్డు గురించి నాకే చెబుతావా? చేతికిచ్చిన జవాబు కూడా నిలుపుకోలేని వెధవ్వి! గోతిలో విన్నవాడివి గోతికే పో!"

మెకానిక్ లేచాడు. ఇద్దరికీ దణ్ణం పెట్టాడు. గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంటుంటే లేసు ముడిపడటం లేదు. ఏడుపు ఆపుకుంటున్నాడని చూసేవాళ్ళకి తెలుస్తోంది. లెక్చరర్ గారు చూడలేదు.

భార్య సూది ఎత్తి పక్కన పెట్టింది.

"బాబూ" అంది. "ఆదివారం మీ అమ్మగార్ని తీసుకురా. ముహూర్తం మాట్లాడుకుందాం."

లేసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కూతురు తలుపు తోసుకుని వచ్చి తల్లిని వాటేసుకుంది.

"నీకు మతిపోయిందా?" లెక్చరర్ గారు సోఫాలోంచి లేచారు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మాటకి ఎదురుచెప్పడం ఇదే మొదటిసారి. "నాలుక్కి నాలుగూ తప్పు చెప్పాడే!"

ఆవిడ రికార్డుని మెత్తటి గుడ్డతో తుడిచి, అట్టలో పెట్టి, బీరువా తలుపు మూసింది.

పెళ్ళైన కొత్తలో "దీనికి చెవులు దండగ" అని ఆయన నలుగురి ముందూ నవ్విన రోజు నుంచి ఇవాళ్టిదాకా, ఆయన ఏ నంబరు అడిగినా ఆవిడ తనకి వినాలనిపించిన రికార్డే పెడుతోంది.